పంచుకున్న జబ్బులు

కూతురు గువ్వ వీపు మీద చెవి ఆనించి ఆమె ఊపిరి బిగబట్టింది. తన ఊపిరి చప్పుడు అడ్డొస్తే పిల్ల ఊపిరి వినపడదు. లోపల ఎక్కడో, కుడి రెక్క కింద, సన్నగా ఈల వేసినట్టు. ఉందా? ఉంది. మళ్ళీ వింది. ఈసారి లేదు.

"చక్కిలిగిలి పెట్టకమ్మా," అంటూ గువ్వ మెలికలు తిరిగింది.

"కదలకు. గట్టిగా పీల్చు. ఆ... ఇప్పుడు వదులు."

భర్త గుమ్మంలో నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. బస్సు డ్రైవరు అతను. "కూస్తోందా?" అన్నాడు.

"ఒకసారి కూసినట్టుంది. ఒకసారి లేదు."

"ఉండు, నేను వింటాను." అతనూ వంగి చెవి పెట్టాడు. ఇంజన్లో ఏ మూల చిన్న తేడా వచ్చినా పట్టేసే చెవి అది. కూతురి వీపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి అన్నీ వినిపిస్తాయి, ఏదీ తేలదు. లేచి, భార్య ముఖంలోకి చూడకుండా అన్నాడు. "ఇవాళ నేను ఉండలేను. మొన్న ఉన్నందుకే బస్సు ఇవ్వకుండా డిపోలో బెంచీ మీద కూర్చోబెట్టారు. 'మీ ఆవిడ ఏం చేస్తోందయ్యా, ఇంట్లో లేదా' అని అడిగాడు కంట్రోలరు."

"మా సారు 'మీ ఆయన లేడా' అని అడుగుతాడు."

"వాళ్ళిద్దర్నీ ఒకచోట కూర్చోబెడితే సరి. వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటారు."

నవ్వొచ్చే మాటే. ఇద్దరికీ రాలేదు.

బాలబడి గుమ్మం దగ్గర ఆయమ్మ చేతికి పిల్ల సంచీ ఇచ్చి, దాన్లో ఆయాసానికి పీల్చే మందు పంపు ఏ అరలో ఉందో చూపించింది. రోజూ చూపించేదే. ఆయమ్మ రోజూ తల ఊపేదే. "మరీ ఆయాసపడితేనే ఫోన్ చెయ్యండి," అని చెప్పి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, "కొంచెం ఆయాసపడినా చెయ్యండి," అంది.

*

ఆమె పనిచేసేది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో. ఒక పక్క ఉతికే యంత్రాలు, ఒక పక్క మడత బల్లలు, మధ్యలో మంచమంత వెడల్పున్న వేడి రోలర్. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని, లాగి, ముడత లేకుండా రోలర్ నోటికి అందిస్తే అవతలి వైపు అట్టలాగా వస్తుంది. వేళ్ళు ఎక్కడ వదలాలో చేతికే తెలియాలి. నెత్తి మీద ఒక ఎర్ర తాడు వేలాడుతూ ఉంటుంది. లాగితే రోలర్ ఆగిపోతుంది. ఊరికే లాగితే అద్దాల సారు బయటికి వస్తాడు.

అద్దాల సారు అంటే మేనేజరు. మూల గదిలో, అద్దాల గోడల వెనక కూర్చుంటాడు. ఆయన బల్ల మీద బిస్కెట్ల రేకు డబ్బా ఒకటుంటుంది. పనిలోకి దిగేముందు ఆడవాళ్ళందరూ తమ ఫోన్లు మోత ఆపేసి అందులో వెయ్యాలి. భోజనాల గంట కొట్టేదాకా దాని మూత తెరవడానికి లేదు. మోత ఆపినా ఫోన్ వణుకుతుంది కదా, అప్పుడు డబ్బా మొత్తం గర్‌ర్‌మంటుంది. రోలర్ హోరులో కూడా ఆ గర్‌ర్‌ ఒక్కటి అందరికీ వినిపిస్తుంది. ఎవరిదో మాత్రం తెలియదు. ఆ కాసేపూ షెడ్డులో ఉన్న ప్రతి తల్లీ తన బిడ్డకే ఏదో అయిందనుకుంటుంది. చేతులు నెమ్మదిస్తాయి. అద్దం మీద సారు ఉంగరంతో టక్‌టక్‌మని కొడతాడు. చేతులు మళ్ళీ అందుకుంటాయి.

రోలర్ దగ్గర ఆమెకు జోడీ పొట్టక్క. తను మాత్రం బాగా పొడుగు కాబట్టి అందరూ తనను 'నిచ్చెన' అంటారు. ఈ జోడీ మీద జోకులకు లోటు లేదు. దుప్పటి ఎప్పుడూ పొట్టక్క వైపుకు జారుతుంది.

"కాస్త వంగవే నిచ్చెనా. నేను మునివేళ్ళ మీద నిలబడి నిలబడి నాట్యం నేర్చుకునేట్టున్నాను," అంది పొట్టక్క. తర్వాత గొంతు తగ్గించి, "తల ఎలా ఉంది?" అంది.

"కొంచెం తిరుగుతోందక్కా."

అంటే గువ్వకు కూత ఉందని. వాళ్ళ మాటలు అలా అలవాటైపోయాయి. ఆ షెడ్డులో పిల్లల జబ్బు గురించి ఎవరూ నోరెత్తరు. ఇదివరకు మడత బల్ల దగ్గర ఒకావిడ ఉండేది. కొడుక్కి జ్వరమని సెలవు అడిగితే అద్దాల సారు, "జ్వరం వాడికైతే సెలవు వాణ్ణి పెట్టుకోమను. నువ్వు బాగానే ఉన్నావుగా," అన్నాడు. అలా ఇంకోసారి అన్నాక ఆవిడ మళ్ళీ కనపడలేదు. ఆవిడ ఏప్రాన్ ఇప్పటికీ కొక్కేనికి వేలాడుతోంది.

అప్పటి నుంచి జబ్బులు తల్లులకే వస్తున్నాయి. తడబడకుండా తలా ఒకటి పంచుకున్నారు. నిచ్చెన పనిలో చేరిన కొత్తలో పొట్టక్కే చెప్పింది: "నడుం నాది. పన్ను పిన్నిది. ఒంటి కణత నొప్పి ఇస్త్రీ వదినది. నువ్వు తల తిరగడం తీసుకో. అది ఎవరికీ కనపడదు, ఎవరూ తడిమి చూడలేరు."

అందరికంటే మంచి జబ్బు తనకే దొరికిందని ఆమె అప్పుడు సంతోషపడింది.

*

మధ్యాహ్నం సారు అద్దం మీద కొట్టి, వేలితో పిలిచాడు. తననే. ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. లోపల చల్లగా ఉంది. చెమట పట్టిన వీపు మీద ఆ చల్లదనం పాకింది.

"నీకు తల తిరుగుతుంది కదూ?" అన్నాడు. కసురుకోలేదు. అదే భయం వేసింది.

"అప్పుడప్పుడు సార్."

"అప్పుడప్పుడు కాదు. సెలవు పెట్టినప్పుడల్లా అదే చెప్పావు. తల తిరిగే మనిషిని తెచ్చి వేడి రోలర్ ముందు నిలబెట్టానని రేపు పైవాళ్ళు నన్నడిగితే నేనేం చెప్పుకోవాలి? చెయ్యి లోపలికి పోతే ఎవరిది బాధ్యత?"

ఆమె ఏప్రాన్‌కి మళ్ళీ చేతులు తుడుచుకుంది.

"ఎల్లుండి డాక్టరు వస్తాడు. ఇక్కడే చూస్తాడు. నిజంగా తిరుగుతుంటే ఇక్కడ నీకు పని లేదు. ప్రాణం ముఖ్యం కదా! తిరగట్లేదంటే..." టేబుల్ మీది కలం మూత పెట్టి తీశాడు. "అప్పుడు ఇన్ని సెలవులూ ఏమిటో నాకు నువ్వు చెప్పాల్సి ఉంటుంది. వెళ్ళు."

తలుపు దాకా వచ్చాక ఆమెకు గడియ ఎటు తిప్పాలో తెలియలేదు. రోజూ చూసే తలుపే.

భోజనాల దగ్గర చెప్పింది. క్యారేజీలు విప్పిన చేతులు విప్పినట్టే ఆగిపోయాయి.

"అయ్యో," అంది ఇస్త్రీ వదిన. ఆ అయ్యోలో తన కోసమెంతో, వాళ్ళ కోసమెంతో నిచ్చెనకు అర్థమైంది.

పన్ను పిన్ని అందరికంటే ముందు తేరుకుంది. పిన్ని పెద్దది. చివరి కాన్పు పిల్లాడు ఇంకా మూడో తరగతి. "చూడమ్మా," అంది దగ్గరికి జరిగి. "నీకు ఏం లేదని ఆ డాక్టరు చెప్పాడనుకో. నువ్వు అబద్ధం ఆడినట్టేగా? అప్పుడు ఈయన ఊరుకుంటాడా? నడుం నొప్పినీ పిలుస్తాడు, పన్ను నొప్పినీ పిలుస్తాడు. నీ ఒక్కదానితో పోదు. తిరుగుతోందనే చెప్పు."

"చెబితే నా పని పోతుంది కదా పిన్నీ."

"వేరేచోట దొరుకుతుందే. వయసులో ఉన్నదానివి." పిన్ని ఆమె మోచెయ్యి పట్టుకుంది. తడికి ఒరిసిపోయిన వేళ్ళు. "కళ్ళు మూసుకుని నిలబడమంటారు. మా అక్కకి చేశారు. పాదాలు రెండూ దగ్గరపెట్టి, చేతులు ముందుకు చాపమంటారు. నువ్వు మెల్లగా ఊగు. ఇదిగో, ఇలా." లేచి నిలబడి ఊగి చూపించింది. "మరీ దబేల్న పడకు. ఎవరైనా పట్టుకునే వైపుకు ఒరుగు."

ఇస్త్రీ వదిన, "అలా కాదు పిన్నీ, నువ్వు ఊగుతుంటే ఊయల మీదున్నట్టుంది," అని తను చూపించింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అందరికీ పాకింది. కడుపులో భయం ఉన్నప్పుడు వచ్చే నవ్వు, ఆపడం కష్టం.

పొట్టక్క నవ్వలేదు. తన క్యారేజీ మూత తిప్పుతూ కూర్చుంది.

*

సాయంత్రం భర్త బాల్చీలో పిల్ల బట్టలు పిండుతుంటే ఆమె తీగ మీద ఆరేసింది. జరిగిందంతా చెప్పింది.

"నిజం చెప్పెయ్," అన్నాడు అతను.

"చెబితే అందరిదీ బయటపడుతుంది. పొట్టక్కకి కవలలు. ఆవిడ పని పోతే వాళ్ళకి దిక్కెవరు?"

"మరి నీ పని?"

ఆమె క్లిప్పు పెట్టి, అది నిలవక, మళ్ళీ పెట్టింది. "కళ్ళు మూసుకుని ఊగితే చాలట. ఇంత పని చేసి చివరికి ఊగడం రాక..." అని ఆగిపోయింది.

లోపల గువ్వ దగ్గింది. ఇద్దరూ తల తిప్పారు. ఇంకో దగ్గు కోసం చూశారు. రాలేదు. రానందుకు నెమ్మది కలగలేదు. పిండిన నీళ్ళు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతూ ఉన్నాయి.

*

అన్న రోజుకే వచ్చిన డాక్టరు నడివయసు మనిషి. అలసిపోయి ఉన్నాడు. అద్దాల గదిలో కుర్చీ పక్కకు జరిపించి, ఆమె కళ్ళలోకి టార్చి వేశాడు, వేలు అటూ ఇటూ తిప్పి చూడమన్నాడు. సారు బల్ల వెనక కూర్చుని చూస్తున్నాడు. రేకు డబ్బా ఆయన మోచేతి దగ్గర ఉంది. అద్దం అవతల ఆడవాళ్ళు పని చేస్తున్నట్టే ఉన్నారు, కానీ ఎవరి తలా పని మీద లేదు.

"పాదాలు కలిపి నిలబడమ్మా. చేతులు ముందుకు. కళ్ళు మూసుకో. నేను చెప్పేదాకా తెరవకు."

మూసుకుంది. చివరిగా కనపడింది అద్దం అవతల పిన్ని ముఖం. కళ్ళతోనే ఊగమంటోంది.

ఊగాలి. ఎడమ వైపు డాక్టరు ఉన్నాడు, అటు ఒరిగితే పట్టుకుంటాడు. ఇప్పుడు కాదు, కాసేపాగి. ఇప్పుడు ఊగితే నటన అనుకుంటారు. పొద్దున పిల్ల వీపు మీద విన్న ఈల చెవిలోనే ఉంది. ఆయమ్మ సంచీ ఎక్కడ పెట్టిందో. పై అరలో పెడితే గువ్వకు అందదు. ఇప్పుడు ఊగాలి.

అప్పుడు డబ్బా గర్‌ర్‌మంది.

దగ్గర్నించి వింటే అది చప్పుడు కాదు. బల్లలోంచి నేలకు, నేలలోంచి అరికాళ్ళకు పాకింది. ఆమె ఒళ్ళంతా చెవి అయిపోయింది. గర్‌ర్‌. ఆగింది. మళ్ళీ గర్‌ర్‌. తనదేనా? గువ్వ గురించేనా? రోలర్ హోరు తగ్గినట్టనిపించింది. అవతల చేతులన్నీ నెమ్మదించాయన్నమాట. సారు ఉంగరం టక్‌టక్‌మంది.

"కళ్ళు తెరవకు," అన్నాడు డాక్టరు.

గర్‌ర్‌. ఆగడం. గర్‌ర్‌. మరీ ఆయాసపడితేనే చెయ్యమంది తను. కొంచెం ఆయాసపడినా చెయ్యమంది. ఇలా ఆపకుండా చేస్తున్నారంటే కొంచెం కాదు. ఊగాలన్న సంగతే ఆమె మరిచిపోయింది. స్తంభంలా నిలబడిపోయింది.

గర్‌ర్‌.

కళ్ళు తెరిచింది. సారు "ఏయ్!" అనేలోపే డబ్బా మూత లాగేసింది. కుప్పలో ఒకటి వెలుగుతోంది. తన చెయ్యి దాని మీదకు వెళ్ళింది. తనది కాదు. పగిలిన గాజుకు టేపు అంటించి ఉంది. పిన్నిది. తెర మీద 'బడి' అని ఉంది.

గుండె ఒక్కసారిగా తేలికైంది. తేలికైనందుకు సిగ్గేసింది. ఫోన్ పట్టుకుని తలుపు తోసుకుని బయటికి పరుగెత్తింది.

"పిన్నీ, నీదే. బడి నుంచి."

పిన్ని తడి చేతులతో ఫోన్ అందుకుంది. "ఆ, నేనే... చెయ్యా? ఏ చెయ్యి? ... ఎప్పుడు పడ్డాడు?" అంటూనే బల్ల అంచు పట్టుకుంది.

సారు వెనకే వచ్చాడు. "ఏమిటీ గొడవ? పన్ను నొప్పా?"

పిన్ని అరచెయ్యి దానంతటదే చెంప మీదకు పోయింది. అంత అలవాటు. అక్కడ కాసేపు ఉండి, నెమ్మదిగా కిందికి జారింది.

"పన్ను కాదు సారూ. మా వాడు మెట్ల మీంచి పడ్డాడు."

ఏప్రాన్ విప్పకుండానే వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి నిచ్చెన వైపు ఒకసారి చూసింది.

డాక్టరు టార్చి సంచీలో పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. "ఈమెకు తల తిరుగుడేం లేదు. అంతసేపు కళ్ళు మూసుకుని నిలబడమంటే నేనే ఊగుతాను. ఈమె వెంట్రుకంత కదల్లేదు," అని వెళ్ళిపోయాడు. ఆయన పని అయిపోయింది.

సారు ఆమె వైపు తిరిగాడు. "అయితే ఇన్ని సెలవులూ?"

"మా పాపకి ఉబ్బసం సార్."

"అంటే నాతో అబద్ధం చెప్పావు."

"అవును సార్."

ఎర్ర తాడు గాలికి కొద్దిగా ఊగుతోంది. పొట్టక్క దుప్పటి కొస బల్ల మీద పడేసింది.

"నాదీ నడుం కాదు సారూ. ఇంత లావు నడుముకి నొప్పొస్తే మీకే తెలిసేది," అంది. నవ్వించేట్టు మొదలుపెట్టింది గానీ అలా చివరిదాకా నడపలేకపోయింది. "మా కవలలు. దానికి జ్వరమొస్తే దీనికి రాకుండా పోదు."

మిగతావాళ్ళు తలలు దించుకున్నారు. ఇస్త్రీ వదిన మడత పెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడత పెడుతోంది.

"పనిలోకి పోండి," అన్నాడు సారు. "రేపు తేలుస్తాను మీ సంగతి."

*

మర్నాడు పొద్దున గువ్వ వీపు మీద చెవి ఆనించే అవసరం లేకపోయింది. మంచం పక్కన నిలబడితేనే వినిపిస్తోంది. పంపు రెండు సార్లు పీల్పించాక తగ్గింది.

"నేను ఉండిపోతాను," అన్నాడు భర్త. "బెంచీ మీద కూర్చోబెడితే కూర్చోబెడతారు."

"ఈసారి బెంచీతో పోనివ్వరు. తగ్గిందిగా." అని, బూట్ల తాళ్ళు కడుతూ, "ఇవాళ నేను కనపడకపోతే నా సంగతి అక్కడే తేలిపోతుంది," అంది. తను అన్న మాటకు తనకే భయం వేసింది. పిల్లను ఎత్తుకుని గబగబా బయటికి నడిచింది. ఆయమ్మకు సంచీ కింది అరలో పెట్టమని చెప్పింది.

పిన్ని రాలేదు. మడత బల్ల దగ్గర ఆమె చోటు ఖాళీగా ఉంది. ఉతికిన దుప్పట్ల బండ్లు గోడ పొడుగునా బారులు తీరి ఉన్నాయి.

"ఆవిడేదీ? ఏం జబ్బు?" అన్నాడు సారు.

ఆఖరికి పొట్టక్కే పలికింది. "జబ్బు కాదు సారూ. పిల్లాడి చెయ్యి విరిగింది. బడివాళ్ళు అంతకుముందు నుంచే చేస్తున్నారట ఫోన్లు. ఈ డబ్బా వణుకుతూనే ఉంది కదా! మీకూ వినపడింది, మాకూ వినపడింది. వాళ్ళమ్మ వచ్చేదాకా వాడు విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ఆ మెట్ల మీదే కూర్చున్నాడట."

ఆ షెడ్డులో పిల్లల మాట ఎవరైనా అంత గట్టిగా అనడం అదే మొదలు. సారు చేతిలో రేకు డబ్బా ఉంది. ఫోన్లు వేయించుకోవడానికి తెచ్చాడు. దాని వంక చూశాడు. అన్నీ వేయించుకుని లోపలికి పోయాడు. మూత పెట్టాడు.

ఇప్పుడు పిలుస్తాడు, ఇప్పుడు పిలుస్తాడు అని నిచ్చెన దుప్పటి వెంట దుప్పటి అందిస్తూ ఉంది. వేళ్ళు రోలర్ దగ్గర వదలాల్సిన చోటికంటే ముందే వదిలేస్తున్నాయి.

"ముడతలు పడుతున్నాయే," అంది పొట్టక్క, తిట్టకుండా.

డబ్బా గర్‌ర్‌మంది.

చేతులు నెమ్మదించాయి. ఉంగరం చప్పుడు కోసం చూశారు. ఉంగరం చప్పుడు రాలేదు. చేతులు పూర్తిగా ఆగిపోయాయి. ఇస్త్రీ వదిన తలెత్తింది, మడత బల్లల వాళ్ళు తలలెత్తారు. దుప్పటి లేకుండా రోలర్ ఉత్తినే తిరుగుతోంది. అద్దం లోపలి నుంచి సారు వాళ్ళ ముఖాలన్నీ చూశాడు. ఒక్కొక్కటీ చూశాడు. తర్వాత మూత తీశాడు.

ఆయన బయటికి వస్తుంటే ప్రతి ఒక్కరూ తనవైపు రాకూడదని కోరుకున్నారు. ఆయన మడత బల్లలు దాటాడు. ఇస్త్రీ వదినను దాటాడు. రోలర్ ముందు, నిచ్చెన దగ్గర ఆగి ఫోన్ చాపాడు.

"నీదే. బాలబడి."

పొట్టక్క ఎర్ర తాడు లాగింది. హోరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నిచ్చెన ఫోన్ చెవికి ఆనించుకుంది. ఆయమ్మ ఏదో చెబుతోంది, పంపు పీల్పించానంటోంది, అయినా ఆగట్లేదంటోంది. ఆ మాటల వెనక, దూరంగా, ఈల. చెవి ఆనించకుండానే వినిపిస్తోంది.

సారు ఆమెకూ తలుపుకూ మధ్య నిలబడి ఉన్నాడు.

నోటికి అలవాటైన మాట నాలుక మీదికి వచ్చింది. దాన్ని మింగేసింది.

"మా పాపకి ఊపిరాడట్లేదు సార్. నేను వెళ్ళాలి."

సారు బండ్ల వైపు చూశాడు. రోలర్ వైపు చూశాడు. అక్కడ పొట్టక్క అప్పటికే దుప్పటి రెండో కొస కూడా తనే అందుకుంది. పొట్టి చేతులు రెండూ చాపగలిగినంత చాపి, మునివేళ్ళ మీద నిలబడి ఉంది. దుప్పటి మధ్యలో జారి వేలాడుతోంది.

ఆయన సరే అనలేదు. వద్దనీ అనలేదు. ఒక అడుగు పక్కకు జరిగాడు.